అటకలో లైట్ల మీద టోపీలు, పలకల కింద కాళ్లు: ఒక చలికాలం వాడాక

మా వంటింట్లో ఒక లైటు చుట్టూ సీలింగ్ మీద లేత గోధుమ రంగు మచ్చ కనిపించేది. ఆవిరి మరక అనుకుని రెండుసార్లు తుడిచాను. పోకపోతే రంగు వేయించాం. ఆరు నెలలకి మళ్లీ అదే చోట, అదే ఆకారంలో వచ్చింది. ఒక సాయంత్రం లైట్లు వేసి గంటన్నర అయ్యాక, పాత ఇస్త్రీ పెట్టె బాగా వేడెక్కినప్పుడు వచ్చే వాసన వచ్చింది. స్టవ్ మీద ఏమీ లేదు. తల పైకెత్తితే ఆ మచ్చ. మర్నాడే అటక ఎక్కాను.

ఈ రివ్యూ రెండు వస్తువుల గురించి. ఒకటి, సీలింగ్‌లో దిగేసిన డౌన్‌లైట్ల మీద అటక వైపు నుంచి బోర్లించే టోపీ లాంటి కవర్. రెండోది, అటకలో చెక్క పలకలు పరిచేటప్పుడు దూలాల మీద నిలబెట్టే ప్లాస్టిక్ కాళ్లు. రెండూ పెట్టి ఒక పూర్తి చలికాలం గడిచింది. ఇలాంటివి చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి. ఏ పెట్టె కొన్నా చూసుకోవాల్సినవి ఒకటే కాబట్టి వాటి గురించే వివరంగా రాస్తాను. నాకు ఈ సంగతులు ముందే తెలిసి ఉంటే నాలుగేళ్లు ఆ లైట్ల కింద పిల్లల్ని పడుకోబెట్టేదాన్ని కాదు.

ముందు ఆ రోజు చూసిందేమిటో చెప్పాలి. మా పైకప్పు ఏటవాలుగా ఉంటుంది. గదుల సీలింగ్ జిప్సం బోర్డు. దాని పైన వరసగా చెక్క దూలాలు, దూలాల మధ్య గ్లాస్ వూల్ (వేడి, చలి దాటకుండా పరిచే గాజు పీచు ఇన్సులేషన్), ఆ పైన సామాను పెట్టుకోవడానికి పలకలు. నాలుగేళ్ల కిందట ఒక సంస్థ మనుషులు వచ్చి ఒక్క రోజులో వూల్ పరిచి, దాని మీద పలకలు మేకులతో కొట్టి వెళ్లారు. అంత త్వరగా అయిపోయిందని మేమూ సంతోషించాం.

మా తమ్ముడు కరెంటు పనుల్లోనే ఉన్నాడు. వాడికి ఫోన్ చేస్తే సాయంత్రానికి వచ్చాడు. "అక్కా, ముందు మెయిన్ ఆపెయ్. లైటు స్విచ్ ఆపితే చాలదు" అన్నాడు. "స్విచ్ ఆపాక వైర్లో కరెంటు ఎందుకుంటుందిరా?" అంటే, "ఆ వైరు ఎవరు ఎలా కలిపారో మనకి తెలియదు కదా" అన్నాడు. మెయిన్ ఆపి, టార్చి పెట్టుకుని, మేకులు పీకి ఒక పలక లేపాడు.

పలక కింద వూల్ అట్టలా అణిగిపోయి ఉంది. వంటింటి లైటు ఉన్న చోట పసుపు రంగు పోయి కాఫీ రంగులోకి మారింది. చేత్తో లేపితే మెత్తగా ఊడిరాలేదు, పెళుసుగా పెచ్చులా లేచింది. దాని కింద హాలోజెన్ బల్బు వెనక భాగం. జిప్సం బోర్డు పైనుండే కాగితం లైటు కన్నం చుట్టూ నల్లగా కమిలి, వేలు తగిలితే పొడిగా రాలింది. పక్కనున్న దూలం మీద అరచెయ్యంత మేర చెక్క నల్లబడింది. వీటన్నిటికన్నా నన్ను భయపెట్టింది బల్బుకి వచ్చే వైరు. తమ్ముడు దాన్ని కొద్దిగా వంచగానే తొడుగు చిటుక్కున విరిగింది. లోపల రాగి తీగ మెరుస్తూ కనబడింది. మేమిద్దరం కాసేపు మాట్లాడలేదు.

ఆ సంస్థకి ఫోన్ చేస్తే వచ్చిన సమాధానం ఒక్కటే: "గ్లాస్ వూల్ కాలదండీ." ఆ మాట నిజమే. గాజు పీచు అంటుకోదు, రాతితో చేసే రాక్ వూల్ ఇంకా ఎక్కువ వేడి తట్టుకుంటుంది. కానీ లైటు పక్కన వూల్ ఒక్కటే లేదు. చెక్క ఉంది, కాగితం ఉంది, ప్లాస్టిక్ తొడుగున్న వైరు ఉంది. వూల్ చేసే పనే వేడిని కదలనివ్వకపోవడం. గది వేడిని ఎలా ఆపుతుందో బల్బు వేడినీ అలాగే ఆపుతుంది. 50 వాట్ల హాలోజెన్ బల్బు తీసుకునే కరెంటులో పదింట తొమ్మిది వంతులు వేడిగానే పోతుంది. పైగా ఈ బల్బుల్లో కొన్నింటికి వెనకున్న అద్దాన్ని వెలుగు కిందికి, వేడి వెనక్కి పోయేలా తయారు చేస్తారు. కింద కూర్చున్న వాళ్లకి వేడి తగలకూడదని ఆ ఏర్పాటు. వెనక ఖాళీ అటక ఉన్నంత కాలం బాగానే ఉంటుంది. అక్కడ వూల్ కప్పేస్తే ఆ వేడికి దారి ఉండదు. చెక్క నెలల తరబడి వేడికి కమిలితే, మామూలుగా అంటుకునే వేడి కంటే తక్కువకే అంటుకునే స్థితికి వస్తుంది. నాలుగేళ్లు ఏమీ కాలేదు కాబట్టి ఇక కాదు అనుకోవడానికి లేదు.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కూడా కాదు. ఆస్ట్రేలియాలో 2009లో ప్రభుత్వం ఇళ్ల కప్పులకి ఇన్సులేషన్ వేయించే పెద్ద పథకం మొదలుపెట్టింది. అనుభవం లేని వాళ్లు కూడా ఆ పనిలోకి దిగారు. ఇళ్లల్లో మంటలు వచ్చాయి, డౌన్‌లైట్ల మీద వూల్ కప్పేయడం వాటికొక కారణం. పనిలో నలుగురు యువకులు చనిపోయారు. ముగ్గురు కరెంటు షాక్‌తో, ఒకరు కప్పు కింద వేడికి. 2010 ఫిబ్రవరిలో పథకం ఆపేశారు, తర్వాత రాయల్ కమిషన్ అనే ఉన్నత స్థాయి విచారణ సంఘాన్ని వేసి విచారించారు. అది చదివాక ఆ రోజు తమ్ముడు మెయిన్ ఆపమని ఎందుకంత పట్టుబట్టాడో నాకు అర్థమైంది.

మేం మొదట చేసిన పని అందరూ చేసేదే. లైటు చుట్టూ వూల్ వెనక్కి జరిపి ఖాళీ వదిలేశాం. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ కూడా, వూల్ తగలొచ్చని ధ్రువీకరణ లేని లైటుకి ఇన్సులేషన్ 75 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలని, పైన కప్పకూడదని, చెక్క లాంటి వాటికి 13 మిల్లీమీటర్ల ఎడం ఉండాలని చెబుతుంది. ఆ కొలత పెట్టుకుని పదకొండు లైట్ల చుట్టూ గుండ్రంగా తీసేశాం. మంట భయం తగ్గింది. అక్కడితో అయిపోయిందనుకున్నాం.

ఆ చలికాలం ఇంకో పాఠం నేర్పింది. లైటు వెడల్పు సుమారు 90 మిల్లీమీటర్లు, రెండు పక్కలా 75 చొప్పున ఖాళీ. అంటే 240 మిల్లీమీటర్ల గుండ్రటి బోసి జాగా. అలాంటివి పదకొండు కలిపితే అర చదరపు మీటరు. ఇల్లంతా దుప్పటి కప్పుకుని ఉంటే, ఆ అర చదరపు మీటరు మేర సీలింగ్ ఒంటి మీద ఏమీ లేకుండా ఉందన్నమాట. దానికి తోడు ప్రతి లైటుకీ సీలింగ్‌లో కన్నం ఉంది. గదిలోని వెచ్చటి గాలి, స్నానాల ఆవిరి, వంట ఆవిరి, అన్నీ ఆ కన్నాల్లోంచి పైకి పోతాయి. పైన అటక గడ్డకట్టే చలిలో ఉంటుంది. జనవరిలో ఒక పొద్దున ఎక్కి చూస్తే ప్రతి లైటుకీ సరిగ్గా నెత్తి మీద, పలక అడుగున నీటి చుక్కలు వరసగా వేలాడుతున్నాయి. స్నానాల గది లైటు పైన నల్లటి బూజు పట్టింది. పలక అంచు ఉబ్బి, వేలితో నొక్కితే తడి దిగింది. నిప్పు నుంచి తప్పించుకోబోయి నీళ్లలో పడ్డాం.

కప్పితే మంట, కప్పకపోతే తేమ. ఈ చిక్కు విప్పుతుందనే ఆ టోపీ కొన్నాం.

ఇక టోపీ సంగతి. చూడటానికి బోర్లించిన చిన్న బొచ్చెలా ఉంటుంది. వేడికి తట్టుకునే గట్టి పదార్థంతో చేశారు. అడుగున చుట్టూ వెడల్పాటి అంచు. అటక వైపు నుంచి లైటు మీద బోర్లించి, అంచు కింద సీలెంట్ (సందులు మూసే జిగురు) పూసి జిప్సం బోర్డుకి అంటిస్తే, లైటు చుట్టూ గాలి ఉండే చిన్న గది తయారవుతుంది. వూల్ బల్బుకి తగలదు. కింది ఆవిరి అటకలోకి పోదు. వూల్‌ని టోపీ పక్కల దాకా, మేం కొన్న రకంలో అయితే టోపీ పైన కూడా పరచొచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ టోపీ హాలోజెన్ బల్బుకి పరిష్కారం కాదు. మూసిన టోపీలో 50 వాట్ల బల్బు పెట్టి పైన వూల్ కప్పితే, మనం భయపడ్డదాన్నే ఇంకా చిన్న గదిలో పెట్టి తలుపేసినట్టు. పెట్టెతో వచ్చే సూచనల కాగితంలో ఎన్ని వాట్ల ఎల్‌ఈడీ వరకు వాడొచ్చో, పైన ఎంత మందం వూల్ వేయొచ్చో రాసి ఉంటుంది. మేం ముందు పదకొండు బల్బులూ మార్చి 5 వాట్ల ఎల్‌ఈడీలు వేశాం. 550 వాట్ల చోట 55. ఆ తర్వాతే టోపీలు పెట్టాం. ఈ వరస తప్పితే మొత్తం పని తప్పినట్టే. ఇంకో సంగతి, హోల్డర్ అదే కాబట్టి రేపు ఎవరైనా తెలియక అందులో మళ్లీ హాలోజెన్ బిగించే వీలుంది. అందుకని ప్రతి లైటు రింగు లోపలి వైపు "5 వాట్ల ఎల్‌ఈడీ మాత్రమే" అని చిన్న చీటీ అంటించాను. బల్బు మార్చేవాళ్లకి చెయ్యి పెట్టగానే కనిపిస్తుంది.

లైటు మీదుండే గుర్తులు కూడా చూడటం నేర్చుకున్నాను. సీలింగ్‌లో దిగిన లైటు బొమ్మ, దాని మీద వూల్ బొమ్మ, మొత్తానికి అడ్డంగా కొట్టివేత గీత ఉంటే, దాని మీద ఇన్సులేషన్ కప్పకూడదని అర్థం. మా పాత లైట్ల మీద ఆ గుర్తు స్పష్టంగానే ఉంది. పరిచిన మనుషులు లైటు బయటికి తీసి చూసి ఉంటే కనిపించేదే. మార్కెట్లో "ఫైర్ రేటెడ్" అని అమ్మే లైట్లు వేరే. వాటిని చూసి చాలామంది వూల్ కప్పేయొచ్చు అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఫైర్ రేటింగ్ అంటే కింద గదిలో మంట వచ్చినప్పుడు ఆ కన్నం గుండా పైకి పోకుండా 30 నిమిషాలో, 60 నిమిషాలో, 90 నిమిషాలో అడ్డుకోవడం. వేడికి ఉబ్బే పదార్థం కన్నాన్ని మూసేస్తుంది. ఆ లైటు తన సొంత వేడిని వూల్ కింద తట్టుకోగలదా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న, దానికి జవాబు వేరేగా రాసి ఉండాలి. అలాగే మేం కొన్న టోపీ మంటని ఆపే రకం కాదు. అలా ఆపేవి కూడా దొరుకుతాయి, వాటి మీద ఆ సంగతి రాసి ఉంటుంది. పైన గదులుండే ఇంటికి, అపార్ట్‌మెంట్‌కి ఆ తేడా చాలా ముఖ్యం.

బిగించడం ఎలా ఉందంటే, మొదటి టోపీకి నలభై నిమిషాలు పట్టింది, ఆఖరిదానికి పదిహేను. వైరు లోపలికి రావడానికి పక్కన పలచటి చోటు ఒకటి గుర్తు పెట్టి ఉంది. అక్కడ కత్తితో చిన్న గాటు పెట్టి వైరు దూర్చి, చుట్టూ సీలెంట్ పూయాలి. మా తమ్ముడు వంట గది లైటుకి వైరు కూడా కొత్తది వేశాడు, విరిగిన తొడుగు మీద టేపు చుట్టి వదలడానికి వాడు ఒప్పుకోలేదు. జిప్సం బోర్డు మీద పాత దుమ్ము, వూల్ పీచు అతుక్కుని ఉంటే సీలెంట్ పట్టదు. బ్రష్‌తో ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక పూయాలి. కాగితంలో ఈ మాట ఒక్క ముక్కలో ఉంది, నిజానికి సగం పని అదే.

టోపీ మీద నాకున్న ఫిర్యాదు దాని అంచు. చదునుగా ఉన్న జాగాకి సరిపోయేలా చేశారు. లైటు దూలానికి మరీ దగ్గరగా ఉంటే అంచు దూలం మీదికి ఎక్కుతుంది, ఒక పక్క లేచిపోతుంది. మా హాల్లో రెండు లైట్లు అలా ఉన్నాయి. అంచు కత్తిరించొచ్చా లేదా అని కాగితంలో ఎక్కడా లేదు. కత్తిరించి, సందు మొత్తం సీలెంట్‌తో నింపాం. గాలి పోకుండా ఆగింది కానీ, ఇది కంపెనీ వాళ్లు బొమ్మ వేసి చూపించాల్సిన విషయం. దూలం పక్కన లైటు ఉండటం అరుదేమీ కాదు.

ఎల్‌ఈడీ వేడి గురించి నాకు అనుమానం తీరలేదు. అందుకని వంటింటి టోపీలో, మూసే ముందు, వైరున్న థర్మామీటరు మొన ఒకటి పెట్టి ఉంచాం. పైన వూల్ వేసి, లైటు నాలుగు గంటలు వెలిగించాం. అరగంటకోసారి చూశాను. మెల్లగా ఎక్కి, 50 డిగ్రీలు దాటి కొంచెం పైన ఆగిపోయింది, మరో గంట ఉంచినా కదల్లేదు. చెక్కకి, వైరుకి ఇది భయపడాల్సిన వేడి కాదు. బల్బు ఆయుష్షు మాత్రం కొంత తగ్గొచ్చు, ఎల్‌ఈడీలో ముందు పాడయ్యేది లోపలి సర్క్యూటే, దానికి వేడి పడదు. ఆ నష్టానికి నేను సిద్ధమే.

స్నానాల గదిలోవి వేరే రకం. నీళ్లు దూరకుండా మూసిన ఎల్‌ఈడీలు, వాటికి పక్కనే చిన్న డబ్బాలా డ్రైవర్ (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటుని మార్చి ఇచ్చేది) ఉంటుంది. డ్రైవర్ని టోపీలో పెట్టకూడదు, వూల్ కింద కూడా పాతిపెట్టకూడదు. అది వేడెక్కుతుంది, వేడి బయటికి పోవాలి. తమ్ముడు వైరు పొడిగించి, డ్రైవర్ని వూల్ పైకి తెచ్చి, గాలి ఆడే చోట బిగించాడు. ఆ గాలి ఆడే చోటు ఎక్కడిదంటే, రెండో వస్తువు వల్ల వచ్చింది.

పలకల కింద కాళ్లు. ఇవి లేకపోతే టోపీ పెట్టి లాభం సగమే.

చలి ఎక్కువ ఉండే చోట్ల అటకలో వూల్ మందంగా వేయాలి. బ్రిటన్‌లో అయితే 270 మిల్లీమీటర్లు వేయమంటారు: దూలాల మధ్య 100, దాని మీద అడ్డంగా మరో 170. మా దూలాలు 100 మిల్లీమీటర్ల ఎత్తు. వాటి మీద నేరుగా పలక కొడితే ఆ 270ని 100లోకి తొక్కేసినట్టు. వూల్‌లో చలిని ఆపేది పీచు మధ్య చిక్కుకున్న గాలి. అణిగితే ఆ గాలి పోతుంది, సగానికి పైగా పనితనం పోతుంది. మా పాత పని సరిగ్గా అదే. బస్తాల లెక్కన వూల్ తెచ్చారు, పలకలతో నలిపేశారు.

ఈ కాళ్లు దూలం మీద మరలతో బిగించి, వాటి నెత్తి మీద పలక వేస్తారు. మేం ముందు తెచ్చినవి 175 మిల్లీమీటర్ల ఎత్తువి. 100కి 175 కలిపితే 275. ఇక్కడే నేను ఆగి ఆలోచించాల్సి వచ్చింది. వూల్ 270 ఉంటే పైన మిగిలేది 5 మిల్లీమీటర్లు. అంటే పలక అడుగు వూల్‌కి దాదాపు ఆనుకునే ఉంటుంది, తేమ ఆరడానికి గాలి తగలదు. వూల్‌కి, పలకకి మధ్య 50 మిల్లీమీటర్లైనా ఖాళీ ఉంటే మంచిదని తమ్ముడు పట్టుబట్టాడు. రెండు దారులున్నాయి. ఇంకా పొడుగు కాళ్లు కొనడం, లేదా పలకలున్న మేర పై వరస వూల్ తగ్గించడం. మేం 300 మిల్లీమీటర్ల కాళ్లకి మార్చుకున్నాం. తల కొంచెం వంచుకుని నడవాలి, కానీ పలక కింద చెయ్యి దూర్చితే గాలి తెలుస్తుంది. డ్రైవర్లు ఆ ఖాళీలోనే ఉన్నాయి.

కాళ్లు గట్టిగానే ఉన్నాయి. దూరం ఎంతలో పెట్టాలో కాగితంలో బొమ్మతో చక్కగా చూపించారు, ఈ విషయంలో టోపీ కాగితం కంటే ఇది చాలా నయం. కానీ కాలు ఎంత గట్టిదైనా, బరువు చివరికి మోసేది దూలమే. ఇలాంటి ఏటవాలు కప్పున్న ఇప్పటి ఇళ్లల్లో చాలావాటికి కర్మాగారంలో తయారై వచ్చే సన్నటి త్రికోణపు చెక్క చట్రాలే కప్పుని మోస్తాయి. బ్రిటన్‌లో వాటి అడుగున అడ్డంగా ఉండే చెక్కని చదరపు మీటరుకి సుమారు 25 కిలోల సామానుకే లెక్కగడతారు. అంటే బట్టల పెట్టెలు, ఖాళీ సూట్‌కేసులు పెట్టుకోవచ్చు. పుస్తకాల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. మావారి పాత పుస్తకాలన్నీ కిందికి దించేశాం, ఆయన కొంత బాధపడ్డారు.

కాళ్లు బిగించేటప్పుడే వైర్ల పని కూడా చూసుకోవాలి. ఇది నాకు పూర్తిగా కొత్త సంగతి. వైరు కూడా వేడెక్కుతుంది, వూల్‌లో కూరుకుపోతే దాని వేడీ బయటికి పోదు. బ్రిటన్ వైరింగ్ ప్రమాణం బీఎస్ 7671 పట్టికలో, అక్కడ ఇళ్లల్లో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల చదును కేబుల్ గోడకి బిగించి ఉంటే 27 ఆంపియర్లు మోయగలదు. అదే కేబుల్ సీలింగ్ పైన 100 మిల్లీమీటర్లు దాటిన వూల్ కింద ఉంటే 17 మాత్రమే. లైట్ల వైర్లకి ఇది సమస్య కాదు, ఎల్‌ఈడీలు తీసుకునే కరెంటు చాలా తక్కువ. స్నానానికి నీళ్లు వేడిచేసే గీజరు వైరు అటకలోంచి వెళ్తుంటే మాత్రం అదే పెద్ద టెన్షన్. మాది వూల్ అడుగున పాకుతూ పోయేది. తమ్ముడు దాన్ని పైకి తీసి, కాళ్ల పక్కన వూల్ పైన బిగించాడు. థర్మోకోల్ పలకల ఇన్సులేషన్ ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. పీవీసీ తొడుగు దానికి ఆనుకుని ఉంటే, తొడుగుని మెత్తగా ఉంచే పదార్థం మెల్లగా దాంట్లోకి దిగిపోయి, వైరు గట్టిపడి పెళుసవుతుంది.

పలకలు ఈసారి మేకులతో కొట్టనివ్వలేదు, అన్నీ మరలే. ప్రతి లైటు పైన వచ్చే పలకని విడిగా లేచేలా చిన్న ముక్కగా కోయించాను, నాలుగు మరలు తీస్తే వస్తుంది. దాని మీద ఎర్ర మార్కర్‌తో గుండ్రం గీసి, ఏ గది లైటో రాశాను. పరచక ముందు పదకొండు టోపీల ఫొటోలూ తీసి పెట్టుకున్నాను. రేపు ఎవరైనా మరో మర దింపబోతే కింద లైటుందో, వైరుందో తెలియాలి. పాత పలక ఎత్తినప్పుడు ఒక మేకు వైరుకి రెండు వేళ్ల దూరంలో దిగి ఉండటం నేను మరిచిపోలేదు.

పని చేసేటప్పుడు జాగ్రత్తలు పెద్దగా రాయక్కర్లేదు, కానీ ఒక్కటి. దూలాల మధ్య కాలు పెట్టొద్దు. జిప్సం బోర్డు మనిషి బరువు ఆపదు. మూడు దూలాల మీద ఆనేలా ఒక పొడుగాటి పలక వేసుకుని దాని మీదే కూర్చుని చేశాం. మాస్కు, కళ్లద్దాలు, పూర్తి చేతుల చొక్కా లేకుండా గ్లాస్ వూల్ ముట్టుకోవద్దు, రెండు రోజులు దురద వదలదు. చూరు దగ్గర గాలి వచ్చే సందుల్లోకి వూల్ కుక్కొద్దు. మా పాత పనివాళ్లు అక్కడా కుక్కేశారు, అటకలో తేమ ఆరకపోవడానికి అదొక కారణం.

పాత ఇల్లయి, వైర్ల తొడుగు రబ్బరుదైనా, ఎలుకలు కొరికిన గుర్తులున్నా, టోపీలు కొనక ముందే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. నాకు తమ్ముడున్నాడు కాబట్టి ధైర్యం చేశాను. వాడు లేకుండా ఆ వైర్ల మీద నేను చెయ్యి వేసేదాన్ని కాదు.

ఇప్పుడు ఒక చలికాలం తర్వాత ఎలా ఉందో చెబుతాను. గడ్డకట్టే చలి ఉన్న మూడు పొద్దులు కావాలని ఎక్కి చూశాను. పలకల అడుగున చెయ్యి రాస్తే పొడిగా ఉంది. కిందటేడు చుక్కలు వేలాడిన చోట పాత మరకలు మాత్రమే ఉన్నాయి. హాల్లో లైట్ల కింద కూర్చుంటే నెత్తి మీద దిగే చల్లటి గాలి లేదు. వంటింట్లో మచ్చ మీద మళ్లీ రంగు వేసి ఎనిమిది నెలలైంది, తిరిగి రాలేదు. ఆ వాసనా లేదు.

ఒక్క చోట తప్పు దొరికింది. మూడోసారి ఎక్కినప్పుడు స్నానాల గది గుండ్రం గీసిన ముక్క లేపి చూస్తే, దాని అడుగు తడిగా ఉంది. వూల్ పక్కకి జరిపితే టోపీ అంచు ఒక వైపు చిటికెన వేలు దూరేంత లేచి ఉంది. సీలెంట్ కింద బూడిద రంగు దుమ్ము పొర అలాగే ఉంది. ఆ రోజు చీకటి పడుతోందని తొందరలో తుడవకుండా పూసింది నేనే. పాతదంతా గీకేసి, రెండుసార్లు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ అంటించాను. ఆరే దాకా మీద ఒక ఇటుక బరువు పెట్టి ఉంచాను. పది రోజుల తర్వాత చూస్తే పలక పొడిగా ఉంది. అదే ఊపులో మిగతా పదీ లేపి, ప్రతి అంచు చుట్టూ వేలు తిప్పి చూశాను.